జంబులింగం సార్ స్పెషల్ బ్యాచ్

ఇది అబద్ధమనుకునేవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తారా? అలాగే ఎత్తి ఉంచండి, చివరికి అదే చేత్తో చెంపలు వేసుకుందురు గాని. ఇందులో ఆవగింజంత కూడా పెంచి చెప్పింది లేదు. నిజానికి తగ్గించి చెబుతున్నదే. పోయినసారి ఉన్నదున్నట్టు చెబితే విన్నవాళ్ళలో ఇద్దరికి మూడు రోజులు మాట పడిపోయింది.

పట్నం శివారులో, పెద్ద రోడ్డు దిగి మట్టిబాట పట్టాక, ఒక వెంచర్ ఉంది. మనుషులు జొన్నచేను చదును చేశారు, తెల్లరంగు రాళ్ళు పాతారు, ఐరావతం అంబారీతో సహా దూరిపోయేంత ఆర్చి కట్టారు, దాని మీద ‘పసిడిమబ్బు కాలనీ’ అని రాశారు, తర్వాత మరిచిపోయి వెళ్ళిపోయారు. ఇళ్ళు రాలేదు. జంతువులొచ్చాయి. పద్నాలుగో ప్లాటులో పర్లరంగు కోడిపెట్ట పరిమళ దిగింది. క్లబ్ హౌసు కోసం తవ్వి వదిలేసిన ఈతకొలను గుంట బాతు హంసవేణి పట్టేసింది. ఈశాన్యం పెరిగిన కార్నర్ బిట్టు మేక అరుంధతిది. ఈ ముగ్గురూ కాక ఇంకో నలభై నలుగురు అమ్మలు. మొత్తం నలభై ఏడు.

కోడి కూయకముందే, అంటే పరిమళ మొగుడు కూయకముందే, ఆ కాలనీ లేచి కూర్చునేది. అంతా పిల్లల కోసమే. ఐదింటికి కోడిపిల్లలకి ఈత. నేర్పేది కప్ప. అదే టైముకి బాతుపిల్లలకి చెట్టెక్కడం. నేర్పేది ఉడత. మేకపిల్లలకి కీచురాయి దగ్గర సంగీతం. ఏడు కొట్టేసరికి అక్కడివాళ్ళు ఇక్కడికి, ఇక్కడివాళ్ళు అక్కడికి. ఆ తర్వాత దస్తూరీ, ఎందుకంటే తన పిల్లల రాత కోడి గెలికినట్టుందని పరిమళకి ఒకటే బెంగ. మధ్యాహ్నం సాలీడు దగ్గర అల్లికలు, సాయంత్రం చీమల దగ్గర క్రమశిక్షణ. తిండా? దారిలో. నిద్రా? అదేం క్లాసు, ఎవరు చెబుతారు?

పిల్లలు క్లాసులో ఉన్నంతసేపూ అమ్మలు ఆర్చి కింద నిలబడేవాళ్ళు.

“మా ప్రవర్షిత్ చెట్టెక్కడంలో మూడో కొమ్మ దాకా వచ్చేశాడండీ,” అంది హంసవేణి, మెడ మూరెడు సాగదీసి.

“దిగడం వచ్చా వదినా?” అంది అరుంధతి, గడ్డిపోచ నములుతూ.

“దిగడం నెక్స్ట్ లెవెల్. ప్రస్తుతానికి పడుతున్నాడు.”

“మా జ్ఞానాంశి గుడ్డులో ఉండగానే ఎక్కాలు వినేదండీ,” అంది పరిమళ. “పొదిగిన ఇరవై ఒక్క రోజులూ రోజుకో ఎక్కం చదివాను. పదిహేడో ఎక్కం దగ్గర లోపల్నుంచి టక్కుమని కొట్టింది. చూస్తే నేనే తప్పు చదివాను!”

“అయితే ఇప్పుడు పదిహేడో ఎక్కం అప్పజెప్పమనండి, విందాం.”

“ఇప్పుడు టైమెక్కడిదీ? ఈత నుంచి అటే సంగీతానికి పోవాలి.”

పరిమళ మొగుడు పుంజుగారు పెంటకుప్ప మీద నిలబడి, “పెంపకమంటే నాది!” అని రోజుకోసారి కూసి దిగిపోయేవాడు. ఒకనాడు జ్ఞానాంశి ఎదురొస్తే, “ఎవరి పిల్లవే నువ్వు? చాలా చిక్కిపోయావు, మీవాళ్ళు చూసుకోరా?” అని జాలిపడ్డాడు కూడా.

ఇక ఈ కాలనీకి పై వాలులో, మురుగుకాలువ కోసం తెచ్చి వదిలేసిన సిమెంటు గొట్టాలున్నాయి. పెద్దవి, లోపల మనిషి వంగి నడవచ్చు. వాటిలో ఒకదాన్లో నక్క జంబులింగం కాపురం. గొట్టం కిందికి దొర్లకుండా ఒక రాయి అడ్డం పెట్టుకున్నాడు.

జంబులింగం మామూలు నక్క కాదు. వయసులో ఉన్నప్పుడు అతను పరుగెత్తితే నీడ అందుకోలేక వెనకబడిపోయి, సాయంత్రానికి ఆయాసపడుతూ ఇల్లు చేరేది. ఒక్క ఊళ వేస్తే మూడు మండలాల్లో పాలు విరిగిపోయేవి. అంతటివాడికి మోకాళ్ళు పోయాయి. మూడు నెలలుగా పీతలు, రేగుపళ్ళు, మళ్ళీ పీతలు. డొక్కలు ఎంత లోపలికి పోయాయంటే ఎడమవైపు గోక్కుంటే కుడివైపు దురద తీరుతోంది. వానలు పడేలోపు ఒక్క కోడిపిల్ల కడుపులో పడకపోతే తన మీద గడ్డి మొలుస్తుందని అతనికి తెలిసిపోయింది.

ఎదురుగా చూస్తే నూట ఎనభై పిల్లలు. కానీ ఒక్కటీ ఒంటరిగా దొరకదే! ప్రతి పిల్ల వెనకా ఒక అమ్మ. ముందు కూడా అదే అమ్మ.

చివరికి ఒక పొద్దున తెగించాడు. ఈత నుంచి సంగీతానికి వెళ్ళే దారిలో, తంగేడు పొద వెనక మాటు వేశాడు. పొట్ట నేలకి ఆనించి, వెనకకాళ్ళు ముడిచి, గోళ్ళు బయటికి తీసి, తోక నిటారుగా చాచి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఇక దూకడమే. అంతలో మూరెడు దూరంలో పరిమళ ఆగింది. వంగి చూసింది.

“నమస్కారమండీ. ఇది ఏ ఆసనం?”

జంబులింగాన్ని చూసి కోళ్ళు ఇదివరకు చాలా అన్నాయి. ‘అమ్మో’ అన్నాయి, ‘చచ్చాన్రా దేవుడా’ అన్నాయి. ‘నమస్కారమండీ’ అన్న కోడి మాత్రం ఇదే.

“ఇది... ఏకాగ్రతాసనం,” అన్నాడు గొంతు సవరించుకుని.

“ఎంత నిశ్చలంగా ఉన్నారండీ! రెప్ప కూడా వెయ్యలేదు. ఏమేవ్ జ్ఞానాంశీ, చూడు, నువ్వూ ఉన్నావు ఎందుకూ! సార్, పిల్లలకి బ్యాచ్ ఉందాండీ?”

జంబులింగం కడుపులో మూడు నెలల తర్వాత ఏదో కదిలింది.

“ఉంది,” అన్నాడు. “రేపే మొదలు.”

పరిమళ రెక్కలు కొట్టుకుంటూ వెళ్ళి ఆర్చి కింద ఈ మాట ఎవరికీ చెప్పకూడదనుకుంది. అరగంటలో నలభై ఆరుగురికి చెప్పింది.

“వదినా,” అంది అరుంధతి గొంతు తగ్గించి, “ఆయన నక్క కదండీ?”

“నక్కైతే ఏమిటండీ? స్ట్రిక్టు మనిషి.”

“పళ్ళు చూశారా?”

“చూశాను. ఈ వయసులో కూడా ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో! డిసిప్లిన్ అంటే అదీ.”

“కోళ్ళని తింటారంటారే?”

“ఎవరు? ఆయన దగ్గర సీటు రానివాళ్ళంటారు,” అంది పరిమళ. దాంతో అరుంధతి తన ఆరోహితకి కూడా సీటు పట్టడానికి పరుగెత్తింది.

మర్నాడు వాలు మీద నూట ఎనభై మంది పిల్లలు బారులు తీరారు. జంబులింగం నోట్లో ఊరిన నీళ్ళు వాలు వెంట పారి ఈతకొలను గుంటలో జానెడు మట్టం పెరిగింది. అతను పెద్దరికంగా దగ్గాడు.

“అమ్మలు ఇళ్ళకెళ్ళి గంట ఆగి రావచ్చు.”

“ఎందుకులెండి సార్,” అంది హంసవేణి కూర్చుంటూ. “మాకు మాత్రం ఏం పనులున్నాయి?”

నలభై ఏడుగురూ కూర్చున్నారు. కదలరు. ఒకావిడైతే ఆ రోజు పెట్టాల్సిన గుడ్డు లేవకుండా అక్కడే పెట్టేసి, దాని మీదే కూర్చుంది. జంబులింగం ఆ గుడ్డు వైపు చూసిన చూపుకి గుడ్డు ఉడికిపోవాలి. ఆవిడ మాత్రం, “మా వాడు వెనక వరసలో పడ్డాడు సార్, ముందుకి మార్చండి,” అంది.

“సార్, మా పాప తోక వంకరగా పెడుతోంది, మీరు పట్టించుకోవట్లేదు.”

“సార్, ఇంటి దగ్గర ప్రాక్టీసుకి ఏమిస్తారు?”

“సార్, పక్క వెంచర్లో ఇదే ఆసనం కళ్ళు మూసుకుని చేయిస్తున్నారట, మనమెప్పుడు?”

“ఆదివారం కూడా పెట్టొచ్చుగా సార్, ఊరికే పడుకుని ఉంటారు.”

పదకొండు రోజులు గడిచాయి. పదకొండు రోజులూ జంబులింగం నేల మీద బోర్లాపడి మాటు వేస్తూనే ఉన్నాడు, పిల్లలు అతన్ని చూసి వేస్తూనే ఉన్నారు, అమ్మలు ఇద్దర్నీ దిద్దుతూనే ఉన్నారు. పన్నెండో రోజుకి అతనికి పీతలు పట్టుకునే తీరిక కూడా పోయింది. ఒకప్పుడు పులి నోట్లోంచి మాంసం లాక్కుని, ఉప్పు తక్కువైందని దానికే తిరిగిచ్చిన మొనగాడు, ప్రోగ్రెస్ రిపోర్టులు ఆకుల మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు.

‘ఇది కుదరదు,’ అనుకున్నాడు. ‘వీళ్ళని అదిలిస్తే పోరు. పొమ్మంటే పోరు. వీళ్ళంతట వీళ్ళే పిల్లని తెచ్చి చేతిలో పెట్టాలి.’ ఆలోచించాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకి తంగేడు పొద పూలు రాల్చేసింది.

మర్నాడు క్లాసు అయ్యాక ప్రకటించాడు.

“స్పెషల్ బ్యాచ్ పెడుతున్నాను. నా గొట్టంలోనే మకాం. ఐదు రోజులు. తల్లి చూపు పడితే ఏకాగ్రత చెడుతుంది, కాబట్టి అమ్మలు లోపలికి రాకూడదు.”

గొణుగుడు మొదలైంది. లోపలికి రాకూడదా? అదేం పద్ధతి? మేం లేకుండా పిల్ల నీళ్ళు కూడా తాగదే!

“ఉన్నది,” అన్నాడు జంబులింగం నింపాదిగా, “ఒక్కటే సీటు.”

అంతే. గొణుగుడు గాలిలోనే గడ్డకట్టింది. తర్వాత లేచిన దుమ్ముకి కాలనీలో పట్టపగలు చుక్కలు కనిపించాయి. నలభై ఏడుగురు అమ్మలు ఒకేసారి పిల్లల్ని ముందుకి తోశారు. పిల్లని గొట్టంలోకి పంపడమేమిటని అంతకు క్షణం ముందు అడిగినావిడే అందరికంటే ముందుంది.

“మా వాడు సార్!”

“అబ్బో, మీ వాడు! మొన్న రెండో కొమ్మ మీంచే పడ్డాడు!”

“మీ పాప సంగీతం విని కీచురాయి ఊరొదిలిపోయింది, ఆ సంగతి చెప్పండి!”

“పరీక్ష పెడతాను,” అన్నాడు జంబులింగం. “ఒంటికాలి మీద కదలకుండా ఎవరు ఎక్కువసేపు నిలబడితే వాళ్ళదే సీటు.”

మొదటి గంటలో మేకపిల్లలు పడ్డాయి. రెండో గంటలో బాతుపిల్లలు. మధ్యాహ్నమైంది, ఎండ దిగింది, నూట డెబ్భై తొమ్మిది పిల్లలు నేల మీద ఉన్నాయి, జ్ఞానాంశి ఒక్కత్తీ ఒంటికాలి మీద ఉంది. తల వాల్చి, కళ్ళు మూసి, ఆకు కదిలినా తను కదలకుండా.

“చూశారా తపస్సు!” అంది పరిమళ, ఆనందబాష్పాలు రెక్కతో తుడుచుకుంటూ.

జంబులింగం దగ్గరికెళ్ళి చెవిపెట్టి విన్నాడు. పిల్ల సన్నగా గుర్రు పెడుతోంది. నిలబడే నిద్రపోయింది, పాపం. అతను ఎవరికీ చెప్పలేదు.

“ఈమెదే సీటు,” అన్నాడు.

పరిమళ నలభై ఆరుగురిలో ఒక్కొక్కరి మొహంలోకీ తీరిగ్గా చూసుకుంటూ వెళ్ళి, కన్నకూతుర్ని నక్క చేతిలో పెట్టింది. “సార్, కొంచెం గట్టిగానే ఉండండి. ఏమీ అనుకోను,” అని కూడా చెప్పి వచ్చింది.

గొట్టంలో చల్లగా ఉంది. జంబులింగం పిల్లని ఎదురుగా నిలబెట్టి నోరు తెరిచాడు. పన్నెండు రోజుల అవమానం, మూడు నెలల ఆకలి, రెండూ కలిసి ఒక్క గుటకలో తీరబోతున్నాయి.

“సార్, ఇప్పుడేం చెయ్యాలి?” అంది జ్ఞానాంశి.

“ఏం చెయ్యక్కర్లేదు.”

“ఏమీనా?”

“ఏమీ.”

పిల్ల అతని వైపు కాసేపు అనుమానంగా చూసింది. “తర్వాత ఏ క్లాసు సార్?”

“ఏ క్లాసూ లేదు. కదలకుండా ఉండు చాలు.”

“అయితే పడుకోవచ్చా సార్?” అంటూనే అతని ముందుకాలి మీద తలపెట్టి, ఆ తెరిచిన నోటి కిందే నిద్రపోయింది.

జంబులింగం పిల్లని రెండు గోళ్ళతో ఎత్తి తొడ నొక్కి చూశాడు. కండ లేదు. రొమ్ము నొక్కాడు. ఎముక. తిప్పి చూశాడు. ఈకలు, ఎముకలు, మధ్యలో పదిహేడు క్లాసులు. మింగితే పంటి సందున ఇరుక్కోవడానికి తప్ప దేనికీ చాలదు. ‘ఇంత పాటు పడింది ఈ చీపురుపుల్ల కోసమా!’ అని అతనికి ఏడుపొచ్చింది. కాసేపు కోపంగా ఆలోచించాడు. ఐదు రోజుల గడువు తను పెట్టిందే కదా. మేపితే? నాలుగు రోజులు కడుపునిండా పెట్టి, ఐదో రోజు తీరిగ్గా కూర్చుంటే?

అలా మొదలైంది స్పెషల్ బ్యాచ్.

పొద్దున పొడుగెక్కేదాకా పిల్ల నిద్రపోయేది. లేచేసరికి జంబులింగం చెదపుట్ట ఒకటి పెళ్ళగించుకొచ్చి ముందు పెట్టేవాడు. రోడ్డు పక్క హోటలు వెనక పారబోసిన అన్నం మెతుకులు నోట కరుచుకొచ్చేవాడు, ఒక్కటి కూడా మింగకుండా. అతని జీవితంలోని సాహసాలన్నిట్లోకీ పెద్దది ఇదే. పిల్ల తినేది, మట్టిలో పొర్లాడేది, దుమ్ము విదిలించేది, మళ్ళీ పడుకునేది.

“సార్, నేను ఊరికే ఈ పురుగుని చూస్తూ కూర్చోనా?”

“కూర్చో.”

“ఎంతసేపు?”

“నీ ఇష్టం. తర్వాత దాన్ని తిను.”

“మీరు చాలా మంచివాళ్ళు సార్.”

జంబులింగానికి పొలమారింది.

సాయంత్రం గొట్టానికి ఇరవై అడుగుల దూరంలో, సారు గీసిన గీత దాటకుండా నిలబడి పరిమళ కేకేసేది. “అమ్మా జ్ఞానాంశీ! ఇవాళ ఏం నేర్చుకున్నావమ్మా?”

“నిద్రపోయానమ్మా!”

పరిమళ వెనక్కి తిరిగి ఆర్చి కింద అమ్మలతో అనేది: “యోగనిద్ర. చాలా పై లెవెల్ వాళ్ళకి గానీ చెప్పరట.”

రెండో రోజు, “మట్టిలో పొర్లానమ్మా!”

“మృత్తికా చికిత్స. పుస్తకాల్లో కూడా దొరకదండీ.”

మూడో రోజు, “పురుగుని చూశానమ్మా!”

“సైన్సు కూడా మొదలుపెట్టేశారు!”

ఆర్చి కింద నలభై ఆరు కడుపులు మండి, అక్కడ గడ్డి మాడిపోయింది. నాలుగో రోజు హంసవేణి ఆగలేక, గొట్టానికి ఉన్న పగులులోంచి ఒంటికన్నుతో చూసొచ్చింది. వచ్చినావిడకి ఊపిరాడటం లేదు.

“ఈకలు మెరుస్తున్నాయే అరుంధతీ! రొమ్ము ఇంతైంది! కళ్ళు చూడు, దీపాలు! నాలుగు రోజుల్లో! మనవాళ్ళు చూడు, ఎండుచేపల్లా ఉన్నారు. ఆ నక్క సారు ఏదో రహస్యం చెప్పేస్తున్నాడే ఆ పిల్ల ఒక్కదానికే!”

“పరిమళ వదిన ఏదో మేనేజ్ చేసిందండీ,” అంది అరుంధతి. “నాకు మొదట్నుంచీ అనుమానమే.”

“రేపటితో బ్యాచ్ అయిపోతుంది. అయిపోతే ఆ రహస్యం పరిమళ ఇంట్లోనే ఉండిపోతుంది. మన పిల్లల గతేమిటి?”

“లోపలికి రాకూడదన్నారు కదా?”

“రాకూడదన్నది పరిమళకి. వాళ్ళ పిల్ల కదా లోపలున్నది. మనకి కాదు!”

ఆ న్యాయం అందరికీ బాగా నచ్చింది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం. జంబులింగం జ్ఞానాంశిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల ఇప్పుడు గుండ్రంగా, నూనె రాసినట్టు మిలమిలలాడుతోంది. అతను పళ్ళు నాలుకతో తుడుచుకున్నాడు.

“ఇవాళ ఆఖరి పాఠం. కళ్ళు మూసుకో.”

“పడుకోనా సార్?”

“ఆ. పడుకో.”

పిల్ల కళ్ళు మూసుకుంది. జంబులింగం నోరు తెరిచాడు. ఎంత తెరిచాడంటే పై దవడ గొట్టం కప్పుకి తగిలింది, కింద దవడ నేలకి ఆనింది. వంగాడు.

అప్పుడు గొట్టం రెండు మూతుల్లోంచీ భూకంపం వచ్చింది.

ఇటునుంచి హంసవేణి, అటునుంచి అరుంధతి, వాళ్ళ వెనక నలభై నలుగురు, ఒక్కొక్కరి ముందూ తోసుకొస్తున్న పిల్లలు. “జరగండి!” “మా వాణ్ణి చూడనివ్వండి!” “ముందొచ్చింది మేమండీ!”

“అదుగో!” అని అరిచింది హంసవేణి. “నోరు తెరిచి చూపిస్తున్నారు! లోపలే ఉందన్నమాట రహస్యం! ఒరే ప్రవర్షిత్, దగ్గరగా వెళ్ళి చూడు, ఇంకా దగ్గరగా, తల పెట్టు!” ప్రవర్షిత్ తల జంబులింగం నోట్లో పెట్టేసింది.

“మా దాన్ని కూడా!” అని అరుంధతి ఆరోహితని అడ్డంగా దూర్చింది. ఆ మేకపిల్లకి అప్పుడప్పుడే మొలుస్తున్న కొమ్ములు రెండూ పై దవడకి గట్టిగా తన్నాయి, గిట్టలు నాలుగూ కింద దవడ మీద నాటుకున్నాయి. ఇక జంబులింగం నోరు మూద్దామంటే మూతపడదు.

ఆలోచించండి. మూడు నెలల ఆకలి. నోట్లో బాతుపిల్ల, మేకపిల్ల, నాలుక మీద ఎవరిదో పిచ్చుకపిల్ల, ఇంకా పన్నెండు మందిని వాళ్ళ కన్నతల్లులే లోపలికి కుక్కుతున్నారు. ఒక్కటంటే ఒక్కటి మింగలేకపోయాడు! “ఆ... ఆ...” అని మాత్రం అనగలిగాడు.

“స్వరం పలుకుతున్నారు, అందరూ అనండి!” అందెవరో. నూట ఎనభై మంది “ఆ... ఆ...” అన్నారు. గొట్టం పగిలిపోయేంత మోగింది.

నక్క తోక తొక్కామని సంబరపడతాం చూడండి, ఏదైనా కలిసొస్తే. ఆ మధ్యాహ్నం నలభై ఆరుగురు అమ్మలు ఆ తోకని తొక్కారు, కొందరు రెండేసి సార్లు. ఆ తొక్కిడికి గొట్టం ఊగింది. అడ్డంగా పెట్టిన రాయి జరిగింది. నలభై ఆరుగురు అమ్మలు, నూట ఎనభై మంది పిల్లలు, ఒక సారు, అందర్నీ పొట్టలో పెట్టుకుని గొట్టం వాలు మీంచి దొర్లింది. ముప్ఫయ్యో ప్లాటు ఈశాన్యం రాయి ఎగిరి నైరుతిలో పడింది. అంతటి ఆర్చీ ఆ గొట్టానికి పక్కకి తప్పుకుని దారిచ్చింది. చివరికి ఈతకొలను గుంట అంచున ఒక్క కుదుపుతో ఆగేసరికి నోట్లోని పిల్లలంతా బయటపడ్డారు, జంబులింగం చిచ్చుబుడ్డి నిప్పులా పైకి లేచి, పెద్ద రోడ్డు దాటి, అవతలి తుమ్మచెట్టు మీద పడి, కిందికి జారి, లేచి పరుగెత్తాడు. పోయిన మోకాళ్ళు తిరిగొచ్చాయి. నీడ మళ్ళీ వెనకబడిపోయింది.

పిల్లల్లో ఎవరికీ గీత కూడా పడలేదు. జ్ఞానాంశి ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. ఆ రోజు దాని ప్రాణం కాపాడింది ఏ తల్లి ప్రేమా కాదు. పక్కింటివాళ్ళ ఏడుపు.

పరిమళ పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి కూతుర్ని కూడా చూడకుండా రెక్కలు నడుం మీద పెట్టుకుంది.

“సిగ్గు లేదుటండీ మీకు? మా పిల్ల ఆఖరి పాఠం చెడగొట్టారు! ఇంకొక్క క్షణం ఆగితే పూర్తయ్యేది!”

“మీ పిల్ల ఒక్కత్తే బాగుపడాలా ఏమిటి?” అంది హంసవేణి, ప్రవర్షిత్ తలకంటిన నక్క ఎంగిలి తుడుస్తూ.

“అంత మంచి సార్‌ని తరిమేశారు కదండీ! మళ్ళీ దొరుకుతారా అలాంటివాళ్ళు?”

ఈ మాటకి మాత్రం నలభై ఏడుగురూ ఒకటై నిట్టూర్చారు.

అవతల, మూడు గుట్టల ఆవల, జంబులింగం వాగు ఒడ్డున కూర్చుని పీత ఒకటి పట్టాడు. దవడ మూతపడదు, నమలడం కుదరదు, పీత తీరిగ్గా నడిచి బయటికెళ్ళిపోయింది. అది చూసిన అక్కడి నక్కలు చుట్టూ చేరాయి.

“ఎవరు చేశారు మామా ఈ పని? పులా?”

జంబులింగం అడ్డంగా తలూపాడు.

“వేటకుక్కలా?”

మళ్ళీ ఊపాడు. ముందుకాళ్ళతో దవడ పట్టి మూసుకుని, “అమ్మలు,” అన్నాడు. అప్పట్నుంచీ కోడిపిల్ల కనిపిస్తే ఆ నక్కలన్నీ ముందు చెట్టెక్కడానికి ప్రయత్నిస్తాయి.

ఇక్కడ గుంట అంచున జ్ఞానాంశి కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

“అమ్మా, సార్ మళ్ళీ ఎప్పుడొస్తారు?”

“ఎందుకే?”

“పడుకోవాలి.”

“పడుకోవడమేంటి? టైము చూశావా, అల్లికల క్లాసు మొదలైపోయుంటుంది. పద, పద, దారిలో తిందువు గాని!”

పిల్ల నడుస్తూనే వెనక్కి తిరిగి, జంబులింగం పారిపోయిన దిక్కుకేసి చూసింది. ఆర్చి దాటితే రోడ్డు, ఆ రోడ్డు అవతల తుమ్మచెట్టు. ఇంకో రెండు అడుగులు అటు వేసింది కూడా. తల్లి మెడ పట్టి లాగింది.

కన్నవాళ్ళు పెట్టని తిండీ, పోనివ్వని నిద్రా ఎవడిస్తే, వాడు నక్కైనా సరే, పిల్ల వాడి వెంటే పోతుంది.

ఏమిటి, ఇంకా నమ్మకం కుదర్లేదా? ఆ గొట్టం దొర్లినప్పుడు దాని కిందపడి, అది దాటిపోయాక లేచి, దుమ్ము దులుపుకుని, మధ్యలో ఆపిన నడక మళ్ళీ మొదలుపెట్టిన తాబేలమ్మ ఒకావిడ ఉంది. నూట అరవై ఏళ్ళు. అబద్ధమాడ్డానికి కూడా తొందరపడదు. వీపు మీద గొట్టం గుర్తు ఇప్పటికీ ఉంది. వెళ్ళి అడగండి, పేరు గంటాలమ్మ.